కలిమి చావులు, లేమి చావులు

రోగంతో కాకుండా వచ్చే చావులను ప్రభుత్వ లెక్కలు మూడు పద్దుల కింద రాస్తాయి: ప్రమాదం, ఆత్మహత్య, హత్య. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికల ప్రకారం 2022లో మన దేశంలో ప్రమాదాల్లో 4,30,504 మంది, ఆత్మహత్యల్లో 1,70,924 మంది, హత్యల్లో 28,522 మంది పోయారు. వాడుకలో మూడింటికీ కలిపి దుర్మరణం అనే ఒక్క మాట సరిపోతుంది. కరువు వచ్చినా కంపెనీలు మూతపడినా ఈ దుర్మరణాలన్నీ పెరుగుతాయని, పంటలు పండి చేతిలో డబ్బు ఆడితే తగ్గుతాయని ఎవరైనా అనుకుంటారు. లెక్కలు ఆ ఊహను సగమే ఒప్పుకుంటాయి. కష్టకాలంలో ఆత్మహత్యలు పెరిగే మాట చాలా దేశాల్లో నిజమే. రోడ్డు మీద, పనిచోట జరిగే ప్రమాద మరణాలు మాత్రం ఎక్కువగా మంచి రోజుల్లోనే పెరుగుతాయి. హత్యల దారి ఈ రెండింటికీ వేరు.

ఈ తేడాను మొదట పట్టుకున్నవారిలో డొరతీ స్వెయిన్ థామస్ ఒకరు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో వ్యాపారం పుంజుకున్న ఏళ్లను, పడిపోయిన ఏళ్లను మరణాల లెక్కల పక్కన పెట్టి ఆమె 1925లో ఒక పుస్తకం వెలువరించారు. వ్యాపారం బాగున్న ఏళ్లలో ఆత్మహత్యలు తగ్గాయి. తాగుడు పెరిగింది, తాగుడు వల్ల వచ్చే చావులూ పెరిగాయి. మొత్తం మరణాల రేటు కూడా తగ్గాల్సింది పోయి పెరిగింది. నాలుగేళ్లు తిరిగేసరికి అమెరికాలో మహామాంద్యం వచ్చి ఈ ఫలితానికి ఇంకా పెద్ద పరీక్ష పెట్టింది. బ్యాంకులు కూలాయి, మిల్లులు మూతపడ్డాయి, 1933 నాటికి కార్మికుల్లో నలుగురికి ఒకరు పనిలేక ఉన్నారు. అమెరికన్ల సగటు ఆయుర్దాయం మాత్రం 1929లో 57.1 ఏళ్లు ఉన్నది 1933కి 63.3 ఏళ్లకు చేరింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన చదివితే ఏదో ఒకటి అచ్చుతప్పేమో అనిపిస్తుంది. రెండూ నిజమే.

రోడ్డు మరణాల దగ్గర ఈ తిరకాసు స్పష్టంగా కనిపిస్తుంది. 1931లో అమెరికా రోడ్ల మీద సుమారు 33 వేల మంది చనిపోయారు. మాంద్యం బాగా ముదిరిన 1932లో ఆ సంఖ్య 29 వేల చిల్లరకు దిగింది. పరిశ్రమలు కోలుకున్న 1937లో 39 వేలు దాటింది. మరుసటి ఏడాది మళ్లీ చిన్న మాంద్యం వస్తే 32 వేల చిల్లరకు పడిపోయింది. చమురు ధరలు మండిన 1973, 1974ల మధ్య 54 వేల నుంచి 45 వేలకు తగ్గింది. అప్పుడు వేగానికి గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టిన మాట కూడా మరవకూడదు. ఇళ్ల అప్పులు పేలిపోయి వచ్చిన మాంద్యంలో 2007లో 41,259గా ఉన్న మరణాలు 2010కి 32,999 అయ్యాయి.

పనిలేనివారు బండి తియ్యరు, అంతేగా అనుకుంటే ఈ చివరి అంకె దగ్గర లెక్క కుదరదు. 2007 తర్వాత అమెరికాలో వాహనాలు తిరిగిన దూరం మొత్తం మీద రెండు మూడు శాతమే తగ్గింది, చావులు ఐదో వంతు తగ్గాయి. మాంద్యంలో ముందుగా ఆగేది మామూలు ప్రయాణం కాదు, ప్రమాదకరమైన ప్రయాణం. సరుకు కదలకపోతే లారీ నిలబడుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరి కొత్తగా బండి కొన్న పాతికేళ్ల కుర్రవాడి ఉద్యోగమే ముందు పోతుంది. శనివారం రాత్రి బారుకు వెళ్లే ఖర్చు తగ్గుతుంది. ఉద్యోగం ఊడని నడివయసు మనిషి రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో అలాగే వెళ్లివస్తాడు, ఆ దారిలో ప్రమాదం మొదటి నుంచీ తక్కువే. అంటే మాంద్యం రోడ్డు మీది జనాన్ని తగ్గించడం కన్నా ఎక్కువగా జల్లెడ పడుతుంది.

క్రిస్టఫర్ రూమ్ అనే ఆర్థికవేత్త 1972 నుంచి 1991 వరకు అమెరికా రాష్ట్రాల లెక్కలు తీసి 2000లో ప్రచురించిన వ్యాసం ఈ సంబంధాన్ని కొలిచి చూపింది. ఒక రాష్ట్రంలో నిరుద్యోగం ఒక శాతం పాయింటు పెరిగితే మొత్తం మరణాల రేటు సుమారు అర శాతం, రోడ్డు మరణాలు సుమారు 3 శాతం తగ్గాయి. ఆత్మహత్యలు 1.3 శాతం పెరిగాయి. తర్వాతి దశాబ్దాలను కూడా కలిపి చూసినప్పుడు మొత్తం మరణాలతో ఉన్న ముడి బాగా సడలిందని రూమే తేల్చారు. రోడ్డు మరణాలతో ఉన్నది మాత్రం సడలలేదు.

మన దేశంలో ఇలాంటి పరీక్ష 2020లో అనుకోకుండా జరిగింది. 2019లో రోడ్డు ప్రమాదాల్లో 1,51,113 మంది చనిపోయారు. కొవిడ్ లాక్‌డౌన్ ఏడాదిలో ఆ సంఖ్య 1,31,714కు తగ్గింది. బళ్లు మళ్లీ కదిలాక 2021లో 1,53,972కు, 2022లో 1,68,491కి పెరిగింది. 2022లో చనిపోయినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మన ఇంటి ముందుకు మొదట వచ్చేది మోటారు సైకిలు, దానికి బంపరు నడిపేవాడి మోకాళ్లే.

లాక్‌డౌన్ లెక్కను ఇక్కడితో ఆపితే సగం కథే అవుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. ఆరు వారాలుగా ఉత్పత్తి ఆగి ఉంది, తయారీకి వెళ్లాల్సిన సరుకు ట్యాంకులోనే నిలవ ఉండి వేడెక్కింది. మర్నాడు మే 8న మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర 16 మంది వలస కూలీలు గూడ్సు రైలు కింద పడి చనిపోయారు. జాల్నాలో పని పోయి, బస్సులు రైళ్లు లేక మధ్యప్రదేశ్‌లోని సొంత ఊళ్లకు పట్టాల వెంట నడుస్తూ, రైళ్లు తిరగడం లేదు కదా అనుకుని అలసి పట్టాల మీదే నిద్రపోయారు. దేశం మొత్తంలో ప్రమాద మరణాలు తగ్గిన ఏడాదిలోనే ఇవి రెండూ జరిగాయి. ఆర్థిక వ్యవస్థ నడిచినంతసేపు దానికి వాడుకైన ప్రమాదాలు ఉంటాయి. ఒక్కసారిగా ఆగితే ఎవరూ ఎదురుచూడని చోట కొత్తవి పుడతాయి.

పనిచోట ప్రాణాలకు మాత్రం గిరాకీ కాలమే గడ్డుకాలం. ఆర్డర్లు ఎక్కువైతే కొత్తవారిని పనిలోకి తీసుకుంటారు, వారికి యంత్రం అలవాటు ఉండదు. పాతవారు ఓవర్‌టైము చేస్తారు. మరమ్మతు కోసం యంత్రం ఆపడానికి మేనేజరుకు మనసొప్పదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. గోడల్లో పగుళ్లు ముందురోజే కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో విదేశాలకు బట్టలు కుట్టేవారిని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు.

ఏడాదికేడాది ఎగుడుదిగుళ్లు ఒక ఎత్తు, యాభై ఏళ్ల నడక మరో ఎత్తు. దేశం పేదగా ఉన్నప్పుడు బళ్లు తక్కువ, రోడ్డు చావులూ తక్కువ. ఆదాయం పెరిగేకొద్దీ చావులు పెరుగుతాయి, ఒక హద్దు దాటాక తగ్గుతాయి. ఎలిజబెత్ కోపిట్స్, మౌరీన్ క్రాపర్ అనే పరిశోధకులు 1985 నాటి డాలర్లలో తలసరి ఆదాయం 8,600 దగ్గర ఈ మలుపు వస్తుందని అంచనా కట్టారు. జపాన్ ఈ దారి మొత్తం నడిచిన దేశం. పరిశ్రమలు ఉరకలు వేసిన 1960లలో రోడ్డు మరణాలు ఎంత పెరిగాయంటే అక్కడివారు దాన్ని రాకపోకల యుద్ధం అని పిలిచారు. 1970లో 16,765 మంది చనిపోయారు, 2020లో 2,839 మంది. మలుపు దానంతట అది రాలేదు. కాలిబాటలు, సిగ్నళ్లు, తాగి నడిపేవారికి గట్టి శిక్షలు, అంబులెన్సులు, వీటన్నిటికీ డబ్బు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నేటి రోడ్డు మరణాల్లో నూటికి 92 పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. మన దేశం ఇంకా ఎక్కుడు మెట్ల మీదే ఉంది.

ఆత్మహత్యల దారి దీనికి ఎదురు. ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ దుర్ఖేమ్ 1897లోనే ఆర్థిక సంక్షోభాలప్పుడు ఆత్మహత్యలు పెరుగుతాయని చూపాడు. పేదరికమే కారణమైతే పేద ప్రాంతాల్లో ఎక్కువ ఉండాలి కదా, అలా లేవే అని కూడా ఆయనే ప్రశ్న వేశాడు. మనిషిని కుంగదీసేది లేమి కన్నా, ఉన్న చోటు నుంచి జారిపడటం అన్నది ఆయన వాదం. హఠాత్తుగా వచ్చే కలిమి కూడా అంతే చేస్తుందని ఆయన అన్న రెండో మాట తర్వాతి లెక్కల్లో అంతగా నిలబడలేదు.

1929 అక్టోబరులో షేర్లు కూలినప్పుడు న్యూయార్క్‌లో దళారులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారన్న కథ ఒకటి లోకమంతా తిరిగింది. ఆర్థికవేత్త గాల్‌బ్రెయిత్ లెక్కలు తీసి చూస్తే ఆ రెండు నెలల్లో అలాంటి పెరుగుదలే లేదు. అసలు పెరుగుదల ఆ తర్వాత వచ్చింది. 1928లో లక్ష మందికి 18గా ఉన్న ఆత్మహత్యల రేటు 1932లో 22.1కి చేరింది. షేర్లు పోయిన రోజున కాదు, పొదుపు కరిగి, అప్పు పుట్టక, పని దొరకదని తెలిసిపోయిన మూడో ఏడాదిలో.

జపాన్‌లో దెబ్బ ఇంకా వేగంగా తగిలింది. 1997 నవంబరులో యమాయిచి సెక్యూరిటీస్, హొక్కయిదో తకుషోకు బ్యాంకు కుప్పకూలాయి. ఆ ఏడాది 24,391గా ఉన్న ఆత్మహత్యలు 1998లో 32,863 అయ్యాయి. 2011 దాకా ఏ ఏడాదీ 30 వేల కిందికి దిగలేదు. పెరుగుదలలో ఎక్కువ భాగం నడివయసు మగవారిది. చిన్న వ్యాపారి బ్యాంకు అప్పు తీసుకుంటే తానే పూచీ పడాలి, బంధువులో స్నేహితుడో హామీ సంతకం పెట్టాలి. వ్యాపారం మునిగితే అప్పు వాళ్ల ఇళ్ల మీద పడుతుంది. బాధలో పరువు కూడా కలిసేది అక్కడే.

ఈ అప్పు, పూచీ, పరువుల ముడి తెలుగు పల్లెలకు కొత్తది కాదు. 1987, 88లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడినప్పుడు రైతుల ఆత్మహత్యలు మొదటిసారి పెద్ద ఎత్తున వార్తలకెక్కాయి. పదేళ్ల తర్వాత వరంగల్ జిల్లాలో అదే పత్తి, మరో పురుగు. అక్కడ విత్తనం, మందు అరువిచ్చేదీ, వడ్డీకి పెట్టుబడి ఇచ్చేదీ, చివరికి పత్తి కొనేదీ చాలాచోట్ల ఒకే దుకాణదారు. పురుగు చావని మందుకు కూడా బాకీ రాసే ఉంటుంది. నీళ్ల కోసం వేసిన బోరు ఎండిపోతే ఆ అప్పు వేరు. సిరిసిల్లలో ఇదే కథ మరమగ్గాల మీద నడిచింది. నూలు ధర, కరెంటు బిల్లు పెరిగి, గుడ్డకు గిరాకీ పడిపోయిన ఏళ్లలో నేతకారులు ప్రాణాలు తీసుకున్నారు.

పంటకూ ప్రాణానికీ ఉన్న ఈ ముడిని టామా కార్లెటన్ అనే పరిశోధకురాలు 2017లో మరో వైపు నుంచి చూపారు. 1967 నుంచి 2013 వరకు భారత రాష్ట్రాల లెక్కల్లో, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటాక ఒక్క రోజు ఒక్క డిగ్రీ పెరిగినా దేశంలో సగటున 70 దాకా ఆత్మహత్యలు ఎక్కువగా నమోదయ్యాయి. పైరు పొలంలో ఉండే నెలల్లోనే ఇలా జరిగింది. చేలు ఖాళీగా ఉన్న నెలల్లో ఎండ ఎంత కాసినా ఆ తేడా కనిపించలేదు.

మాంద్యం వచ్చిన ప్రతిచోటా ఆత్మహత్యలు పెరగాలన్న నియమం లేదు. ఫిన్లాండ్‌లో 1990లో మూడు శాతం ఉన్న నిరుద్యోగం నాలుగేళ్లలో 16 శాతం దాటింది. ఆత్మహత్యలు మాత్రం 1990 తర్వాత తగ్గుతూ వచ్చాయి. పరిశోధకుడు డేవిడ్ స్టక్లర్ బృందం 26 ఐరోపా దేశాల లెక్కలను 1970 నుంచి 2007 దాకా పరిశీలించింది. నిరుద్యోగం ఒక శాతం పెరిగితే 65 ఏళ్ల లోపువారి ఆత్మహత్యలు 0.79 శాతం పెరిగాయి, రోడ్డు మరణాలు 1.39 శాతం తగ్గాయి. పని పోయినవారికి మళ్లీ పని చూపించడానికి ప్రభుత్వం ఎక్కువ ఖర్చు చేసిన దేశాల్లో ఆత్మహత్యల పెరుగుదల చిన్నదై కనిపించకుండా పోయింది. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు నేరుగా డబ్బు అందించే పథకం వచ్చిన చోట్ల ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయని 2019లో వచ్చిన అధ్యయనం తేల్చింది. శ్రీలంక ఇంకో దారి పట్టింది. 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. అక్కడి రైతుల అప్పులు తీరలేదు, అయినా 2005 నాటికి ఆత్మహత్యల రేటు సగానికి వచ్చింది. కుంగుబాటు ఎంత గట్టిదైనా ఒక గడియ దాటితే మనిషి చాలాసార్లు నిలదొక్కుకుంటాడని వైద్యులు చెప్పేది అక్కడ లెక్కల్లో కనిపించింది. మన దగ్గర 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుతో నడుస్తున్న టెలీ మానస్ ఫోన్ సేవ ఆ గడియ కోసమే. సిరిసిల్లకు 2017 నుంచి కొన్నేళ్లపాటు ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇవ్వడం, పని చూపించే ఐరోపా పద్ధతికి దగ్గర.

మూడు రకాల చావులూ ఒక్కసారే పెరిగిన దేశమూ ఉంది. సోవియట్ యూనియన్ కూలాక రష్యాలో మగవారి సగటు ఆయుర్దాయం 1990లో దాదాపు 64 ఏళ్లు ఉన్నది 1994కి 57.6కి పడిపోయింది. నాలుగేళ్లలో ఆత్మహత్యల రేటు లక్షకు 26 నుంచి 42కి పెరిగింది, హత్యలు రెట్టింపు దాటాయి. మాంద్యంలో ప్రమాదాలు తగ్గాలన్న సూత్రం అక్కడ పనిచేయలేదు. జీతాలు నెలల తరబడి అందలేదు, పోలీసు వ్యవస్థ చెదిరింది, వోడ్కా మాత్రం చవకగా దొరికింది. నీళ్లలో మునిగి పోయినవారు, మంటల్లో పోయినవారు, కల్తీ మద్యం తాగి పోయినవారు అందరూ పెరిగారు. ఆర్థిక వ్యవస్థ మందగించడం వేరు, దానితోపాటు రాజ్యమే కూలడం వేరు.

హత్యల విషయంలో సూత్రం చెప్పబోయిన ప్రతివారికీ అమెరికా లెక్కలు అడ్డం వస్తాయి. 1933లో లక్షకు 9.7గా ఉన్న హత్యలు ఆ దశాబ్దమంతా తగ్గాయి. పనులు అప్పటికి పూర్తిగా దొరకనే లేదు, కానీ 1933 డిసెంబరులో మద్య నిషేధం ఎత్తేయడంతో దొంగసారా ముఠాల తుపాకులకు పని తగ్గింది. చరిత్రలోనే పెద్ద కలిమి అనదగ్గ 1960లలో హత్యలు పెరిగాయి. 2008 మాంద్యంలో మళ్లీ తగ్గాయి. స్టక్లర్ బృందం చూసిన ఐరోపాలో మాత్రం నిరుద్యోగంతోపాటు హత్యలూ పెరిగాయి. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఫాయ్న్‌జిల్బర్, లెడెర్మన్, లొయాజా 2002లో చాలా దేశాలను పోల్చి చూసి, హత్యలకు ముడి పేదరికంతో కన్నా ఆదాయాల్లోని అంతరంతో ఎక్కువని తేల్చారు.

పేద పల్లెల్లో సంక్షోభం అన్ని రకాల హత్యలనూ పెంచకపోయినా ఎవరు హతులవుతారన్నది మారుస్తుంది. టాంజానియాలోని మెయాటు జిల్లాలో వర్షం బొత్తిగా లేని ఏళ్లలోనూ, వరదలు ముంచెత్తిన ఏళ్లలోనూ మంత్రగత్తెలన్న పేరుతో జరిగే హత్యలు రెట్టింపయ్యాయని ఆర్థికవేత్త ఎడ్వర్డ్ మిగెల్ 2005లో చూపారు. చనిపోయినవారు ఎక్కువగా ముసలి ఆడవాళ్లు, చంపినవారు తరచు సొంత బంధువులు. మిగతా హత్యల్లో వానతో ఏ మార్పూ లేదు. తినే నోళ్లలో పని చేయలేని నోరు ఏదో ఆ ఇంటికి తెలుసు. బాణామతి, చిల్లంగి పేరుతో తెలుగు పల్లెల్లో జరిగిన హత్యలను ఈ కళ్లతో చూసినవారు తక్కువ. మన దేశంలోని 583 జిల్లాల లెక్కలతో షీతల్ సేఖ్రీ, ఆడమ్ స్టోరీగార్డ్ చేసిన అధ్యయనం వరకట్న మరణాల దగ్గరికి వెళ్లింది. వాన మామూలుకన్నా బాగా తగ్గిన ఏళ్లలో అవి సుమారు 8 శాతం పెరిగాయి. పంట పోయిన ఇంటికి డబ్బు దొరికే దారుల్లో కోడలి పుట్టిల్లు ఒకటి.

ఈ లెక్కలన్నీ మొదట పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం మీద పుడతాయి. దాని మీద ఏ కారణం రాశారో, ఏ వృత్తి రాశారో దాన్నిబట్టే పైన నివేదికలు తయారవుతాయి. జిల్లా పేజీల్లో దశాబ్దాలుగా కనిపించే "కడుపునొప్పి తాళలేక" అన్న మాట వెనక ఎన్ని అప్పులున్నాయో ఆ కాగితం చెప్పదు. పరువు కోసం ఇంటివాళ్లు ఆత్మహత్యను ప్రమాదమని చెప్పడమూ కొత్త కాదు. పట్టా తండ్రి పేరునో భర్త పేరునో ఉంటే, పొలం కౌలుకు తీసుకున్నదైతే, చనిపోయిన మనిషి రైతు పద్దులోకి రావడం కష్టం. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమా 5 లక్షలు కూడా పాస్ పుస్తకం ఉన్నవారికే, కౌలు రైతుకు కాదు. 2022లో ఆత్మహత్య చేసుకున్నవారిలో నూటికి 26 మంది దినసరి కూలీల పద్దులో ఉన్నారు, దాదాపు మూడింట రెండు వంతుల మంది ఏడాదికి లక్ష లోపు ఆదాయం ఉన్నవారు. 2013 నివేదికలో సొంత వ్యవసాయం చేసుకునేవారి ఆత్మహత్యలు 11,772. 2014లో నేర గణాంకాల సంస్థ పద్దుల పద్ధతి మార్చి రైతులను, వ్యవసాయ కూలీలను విడదీసింది. ఆ ఏడాది నివేదికలో రైతులు 5,650 మంది, వ్యవసాయ కూలీలు 6,710 మంది. రెండూ కలిపితే 12,360.